మిగిలిన పిండాల మాట ముందే చెప్పాలి: బెంగళూరులో ఒక ఎంబ్రియో ఫ్రీజింగ్ సేవపై సమీక్ష

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఒక సంతాన సాఫల్య కేంద్రంలో మా పిండాలు 2022 నుంచి భద్రంగా ఉన్నాయి. అక్కడి ఐవీఎఫ్ వైద్యం, అంటే అండాన్ని, వీర్యాన్ని ల్యాబులో కలిపి పిండం తయారుచేసే పద్ధతి గురించి ఇప్పటికే చాలామంది రాశారు. మాకూ ఆ వైద్యం ఫలించింది, పాప ఈ ఏడాది నుంచి బడికి వెళుతోంది. అందువల్ల ఇక్కడ డాక్టర్ల నైపుణ్యాన్ని తూచే పని పెట్టుకోలేదు. పిండాలను గడ్డకట్టించి దాచే సేవ ఎలా ఉంది, బిడ్డ పుట్టాక మిగిలిన పిండాలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ కేంద్రం దంపతులకు ఎంతవరకు దారి చూపుతుంది అన్న రెండు విషయాలకే పరిమితమవుతాను. కేంద్రం పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క చోటిదే కాదని, నగరంలో వేరే కేంద్రాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలతో మాట్లాడినప్పుడు అర్థమైంది.

దాచే పని మాత్రం వారు చాలా శ్రద్ధగా చేస్తున్నారు. ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ దశకు, అంటే గర్భాశయంలో నాటుకోవడానికి సిద్ధమయ్యే దశకు చేరిన పిండాన్ని విట్రిఫికేషన్ పద్ధతిలో గడ్డకట్టించి, సన్నని స్ట్రాలో పెట్టి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. పూర్వం వాడిన నెమ్మది పద్ధతిలో కణంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారి కణాన్ని దెబ్బతీసే ప్రమాదం ఎక్కువగా ఉండేది. విట్రిఫికేషన్‌లో అంతా క్షణాల్లో జరిగిపోతుంది కనుక స్ఫటికాలు కట్టే వ్యవధే ఉండదు, కరిగించినప్పుడు పిండం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది. పాడి పశువులకు చూలు కట్టించే సూదులు వేయడానికి ఊళ్లకు వచ్చే గోపాలమిత్రల చేతిలోని నత్రజని క్యాన్‌ను చూసినవారికి ఈ ట్యాంకు కొత్తగా ఏమీ అనిపించదు. సూత్రం ఒకటే, కాపలా మాత్రం వేరు. ల్యాబు అద్దంలోంచి ట్యాంకుల వరుసను చూసిన మా మామగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, కరెంటు పోతే వీటి గతేమిటని. చల్లదనానికి కరెంటుతో పని లేదని, రెండు గోడల మధ్య గాలి లేకుండా చేసిన పాత్రలో నత్రజని నెమ్మదిగా ఆవిరవుతూ ఉంటుందని, తగ్గినంత మేర మళ్లీ నింపుతూ ఉండటమే అసలు పని అని ల్యాబులో పిండాలను చూసుకునే నిపుణులు, ఎంబ్రియాలజిస్ట్, ఓపికగా చెప్పి, మట్టం కొలిచి రాసే రిజిస్టర్ తెచ్చి ఆయన ముందు పెట్టారు. ఖాళీ గడి ఒక్కటైనా కనబడుతుందేమోనని మామగారు వేలు పెట్టి మరీ వెతికారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఖాళీ కనబడలేదు.

అలారం గురించి కూడా అడిగాను. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో ఒక ట్యాంకులో ఉష్ణోగ్రత పెరిగిపోయి 4,000కు పైగా అండాలు, పిండాలు పాడైపోయాయి. దూరం నుంచి హెచ్చరించాల్సిన అలారం వ్యవస్థ అప్పటికే ఆపి ఉందని తరువాత తేలింది. ఇక్కడ రాత్రివేళ అలారం మోగితే ఎవరి ఫోనుకు వెళుతుంది, ఆ మనిషి సెలవులో ఉంటే తరువాత ఎవరు అన్న ప్రశ్నలకు తడబడకుండా సమాధానం వచ్చింది. స్ట్రా మీద ఇద్దరి పేర్లూ, గుర్తింపు సంఖ్యా ఉంటాయి. స్ట్రాను ట్యాంకులో పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ రెండో ఉద్యోగి సాక్షి సంతకం తప్పనిసరి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక కేంద్రం ఒక దంపతులకు అప్పగించిన బిడ్డ డీఎన్‌ఏ వారితో సరిపోలలేదన్న వ్యవహారం బయటపడ్డాక, మా తెలుగువాళ్లందరం ఈ సంతకాల గురించే ఎక్కువగా అడుగుతున్నామని అక్కడి నర్సు చెప్పారు. అడగడంలో తప్పేమీ లేదు, వారు విసుక్కోనూ లేదు.

ఏటా కట్టే రుసుము మొదట్లో 18,000 రూపాయలు, ఇప్పుడు 24,000. పెంచినప్పుడు ముందుగా తెలియజేశారు. గుర్తుచేసే ఈమెయిల్, వాట్సాప్ సందేశం వేళకు వస్తాయి. ఆ ఈమెయిల్‌తో జతగా వచ్చే కాగితమే నేను ఈ సమీక్ష రాయడానికి కారణం.

అది ఒక్క పేజీ. అందులో మూడు గడులు ఉంటాయి: నిల్వ పొడిగించాలి, నశింపజేయాలి, పరిశోధనకు ఇవ్వాలి. కింద భార్యాభర్తలిద్దరి సంతకాలకు చోటు ఉంటుంది. విద్యుత్ బిల్లుకు ఇచ్చినంత వివరణ కూడా ఆ కాగితం మీద లేదు. మాకు ఒక బిడ్డ చాలు అనుకున్నాక ఆ మూడు గడుల ముందు కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవారికే తెలుసు. మా పిన్ని కూతురు మదనపల్లెలో ఉంటుంది. దానికి పెళ్లయి చాలా ఏళ్లయింది, అండాల నిల్వ బాగా తగ్గిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఓహాయోలో ఒక దంపతులకు, 1994లో గడ్డకట్టించిన పిండం నుంచి 2025 జూలైలో బాబు పుట్టాడన్న వార్తను ఎవరో దానికి పంపించారు. వెంటనే నాకు ఫోన్ చేసింది: “అక్కా, మీకు ఇంక వద్దనుకుంటే అవి మాకే ఇప్పించొచ్చు కదక్కా. ఎవరివో తెచ్చుకునే బదులు మనింటివే నయం కదా.” తోబుట్టువుల బిడ్డను తెచ్చి పెంచుకోవడం మన ఇళ్లలో కొత్త కాదు కనుక ఆ మాట నాకేమీ వింతగా తోచలేదు. అత్తగారైతే అప్పటికే మనసులో నిర్ణయించేసుకున్నారు.

కౌన్సెలర్ దగ్గరికి అందరం కలిసే వెళ్లాం. ఆమెది చింతామణి ప్రాంతం, మాటలో తెలుగు, కన్నడ కలగలిసి ఉంటాయి. అత్తగారు ఆమెను, “అవన్నీ మా పాప తోడబుట్టినవే కదమ్మా, పారబోయడానికి చేతులెట్లా వస్తాయి?” అని అడిగారు. ఆమె తొందరపడలేదు. కాసేపు ఆగి, “అర్థమైతుందమ్మా, కానీ మీరు ఇస్తామన్నా, వాళ్లు తీసుకుంటామన్నా మేము చేయలేము, చట్టం ఒప్పుకోదు” అని చెప్పి, చట్టం ప్రతిని బల్ల మీద తెరిచి సంబంధిత సెక్షన్లను చదివి వినిపించారు. ఆ గంటసేపు ఆమె పనితనానికి పూర్తి మార్కులు వేస్తాను. ఆశ పెట్టలేదు, భయపెట్టలేదు, చుట్టుదారి ఏదైనా ఉందన్నట్టు సైగ కూడా చేయలేదు.

ఆమె చెప్పినదాని సారం తెలుగు పాఠకులకు ఉపయోగపడుతుంది కనుక రాస్తున్నాను. సహాయక పునరుత్పత్తిని నియంత్రించే 2021 నాటి చట్టం, అంటే అందరూ ఏఆర్‌టీ చట్టం అని పిలిచేది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. దాని 28వ సెక్షన్ ప్రకారం పిండాన్ని పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. గడువు తీరాక దానిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. ఇంకొక దంపతులకు ఇచ్చే మార్గం అందులో లేదు. 29వ సెక్షన్ పిండాల అమ్మకాన్నే కాక ఇతరులకు బదిలీ చేయడాన్ని కూడా నిషేధించింది. సొంత పిండాలను సొంత అవసరానికి తరలించుకోవడం ఒక్కటే మినహాయింపు, దానికీ జాతీయ బోర్డు అనుమతి ఉండాలి. ఉద్యోగం మారి డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళ్లే బెంగళూరు తెలుగువాళ్లు ఈ చివరి మాటను గుర్తుంచుకోవడం మంచిది, ఎందుకంటే కొరియర్ కంపెనీ దొరికినంత మాత్రాన పిండాలు విమానం ఎక్కవు. డబ్బు తీసుకుని పిండం ఇప్పిస్తామని ఎవరైనా వాట్సాప్‌లో సందేశం పంపితే అది నేరుగా నేరం కిందికి వస్తుంది. మొదటిసారికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయల వరకు జరిమానా, మళ్లీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల జైలు, ఆపైన జరిమానా. దత్తత చట్టాలను ఇక్కడికి లాక్కొచ్చినా లాభం లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టమైనా, కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా నడిచే పద్ధతైనా పుట్టిన బిడ్డ గురించి మాట్లాడతాయి గాని ట్యాంకులోని స్ట్రా గురించి కాదు.

ఇందులో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. మా చెల్లెలు నమోదైన బ్యాంకు ద్వారా దాత అండం, దాత వీర్యం తెప్పించుకుని కొత్తగా పిండం చేయించుకుంటే చట్టం కాదనదు. ఆ బిడ్డ పూర్తిగా వాళ్ల బిడ్డే అవుతుంది, దాతలకు ఏ హక్కూ ఉండదు. కానీ ఇప్పటికే తయారై, ఎవరికీ అక్కరలేకుండా ఉన్న పిండాన్ని మాత్రం తీసుకోకూడదు. కొత్త పిండానికి కావలసిన దాత అండం కోసం ఇంకొక అమ్మాయి ఇంజెక్షన్లు వేయించుకుని, మత్తులో అండాలు తీయించుకోవాలి. పైగా ఆ అమ్మాయి జీవితంలో ఒక్కసారే దానం చేయాలన్నది కూడా ఇదే చట్టం పెట్టిన నియమం. కౌన్సెలర్‌ను ఈ సంగతి అడిగితే ఆమె చట్టం వైపు వాదించలేదు, నా వైపూ మాట్లాడలేదు. ఒక దాత అండాలను ఒకే దంపతులకు ఇవ్వాలన్న నియమం ఎందుకుందో మాత్రం చెప్పారు. తెలియకుండానే ఒకే మూలం నుంచి పుట్టిన పిల్లలు పలు ఇళ్లలో పెరగడం, రేపు వారి మధ్య సంబంధాలు కలవడం అన్నది శాసనకర్తల భయం. మేనరికాలు చేసుకునే మన ప్రాంతంలో ఆ భయం ఉత్తిదని నేననలేను. అయినా, ఎవరిది ఎవరికి వెళ్లిందో రాసిపెట్టే రిజిస్ట్రీ ఒకటి ఉన్నప్పుడు ఆ భయానికి నిషేధమొక్కటే మందు కాదన్నది నా అభిప్రాయం.

అమెరికాలో దారి వేరు. 1997లో ఒక క్రైస్తవ దత్తత సంస్థ ‘స్నోఫ్లేక్స్’ పేరుతో ఈ పని మొదలుపెట్టింది, అలా ఇచ్చిన పిండం నుంచి తొలి బిడ్డ 1998 డిసెంబరు 31న పుట్టింది. అక్కడ ఇచ్చేవాళ్లు తీసుకునే కుటుంబాన్ని ఎంచుకోవచ్చు, ఇంటికి వచ్చి విచారించే పద్ధతి ఉంది, తరువాత రాకపోకలు ఉండాలా వద్దా అన్నది ముందే రాసుకుంటారు. అంతా సాఫీగా ఉందనుకోకూడదు. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు, మృతికి పరిహారం కోరే చట్టం దృష్టిలో గడ్డకట్టించిన పిండం కూడా బిడ్డేనని తీర్పు ఇవ్వగానే ఆ రాష్ట్రంలో కొన్ని కేంద్రాలు ఐవీఎఫ్‌నే కొన్నాళ్లు ఆపేశాయి. బ్రిటన్‌లో 2022 జూలై నుంచి పదేళ్లకొకసారి సమ్మతి తెలుపుతూ మొత్తం 55 ఏళ్ల పాటు పిండాలను నిల్వ ఉంచుకోవచ్చు, దానం ద్వారా పుట్టిన పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండాక దాత ఎవరో తెలుసుకునే హక్కుంది. మన దేశం ఈ విద్యలో వెనుకబడి ఉండి వీటిని ఆపిందనుకోవడం కూడా పొరపాటే. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల మీదుగా పుట్టిన మన తొలి టెస్ట్ ట్యూబ్ బేబీ గడ్డకట్టించిన పిండం నుంచి పుట్టిన బిడ్డే. ఆయనను బతికి ఉండగా ఎవరూ నమ్మలేదు. గుర్తింపు వచ్చేనాటికి ఆయన లేరు.

ఇక నా ఫిర్యాదు. చట్టం ఇలా ఉందని కౌన్సెలర్ చెప్పిన మాటలు నూటికి నూరుపాళ్లు నిజం, చెప్పిన వేళ మాత్రం సరైనది కాదు. అవి పాప పుట్టి, రుసుములు కట్టి, మా చెల్లెలు ఆశపడిన తరువాత వినవలసిన మాటలు కావు. అండాలు తీసిన రోజు ఉదయం మా ఆయనకు ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. పద్నాలుగు అండాలు వచ్చాయి, పక్వమైన వాటన్నింటికీ ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపడం) చేస్తున్నాం అన్నారు. ఆయన సరే అన్నారు. అంత మంచి వార్తకు సరే అనక ఇంకేమంటారు? ఎన్ని అండాలను ఫలదీకరించాలి, కొన్నింటిని అండాలుగానే గడ్డకట్టించి ఉంచుదామా అన్న ప్రశ్న ఆ క్షణం వరకు ఎవరూ మా ముందు పెట్టలేదు. వీర్యంతో కలపని అండం విషయంలో ఇంటిల్లిపాదికీ ఇంత గుంజాటన ఉండదు. మిగిలితే ఏమిటన్నది తేల్చుకోవలసిన వేళ అదే. అప్పుడు అడిగి ఉంటే, ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదని అప్పుడే తెలిసి ఉంటే, మేము తక్కువ పిండాలు చేయించుకునేవాళ్లమో లేక అన్నీ చేయమనేవాళ్లమో నేను ఇప్పుడు చెప్పలేను గాని, నిర్ణయం మా చేతిలో ఉండేది.

దీనిపై సీనియర్ డాక్టర్ ఇచ్చిన జవాబును కూడా న్యాయంగా రాయాలి. ఫలదీకరించిన ప్రతి అండమూ ఐదో రోజుకు చేరదని, సగానికి సగం మధ్యలోనే ఆగిపోవచ్చని, సంఖ్య తగ్గించుకుంటే బిడ్డ నిలవనప్పుడు మళ్లీ ఇంజెక్షన్లు, మళ్లీ మత్తు, మళ్లీ ఖర్చు తప్పవని ఆమె అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ల స్త్రీకి ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది, ఆమెను తక్కువ పిండాలతో సరిపెట్టుకోమని ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, లోపం భర్త వైపు ఉండి, అండాలు దండిగా వచ్చినప్పుడు లెక్క వేరు. ఆ తేడాను దంపతుల ముందు పెట్టడం కౌన్సెలింగ్‌లో భాగం కాదంటే ఒప్పుకోలేను. వైద్యంలోని మంచిచెడ్డలు, ఖర్చులు, పరిణామాలు అన్నీ వివరించి దంపతులు తెలిసి నిర్ణయం తీసుకునేలా చేయడం కేంద్రం బాధ్యత అని 21వ సెక్షన్ చెబుతోంది. పిండాలను గడ్డకట్టించే ముందు, దంపతుల్లో ఒకరు చనిపోయినా, అశక్తులైనా వాటిని ఏం చేయాలో రాతపూర్వకంగా తీసుకోవాలని 22వ సెక్షన్ చెబుతోంది. ఆ రెండో కాగితం మీద మా సంతకాలు తీసుకున్నారు. కట్టలో ఎన్నో పేజీ అది? సంతకం పెట్టాల్సిన చోట పసుపు స్టిక్కర్లు అంటించి ఇచ్చారు, మేము స్టిక్కర్లను వెతుక్కుంటూ వెళ్లాం. చావు గురించి అడిగిన కాగితంలో కూడా, ఇద్దరూ బతికి ఉండి, బిడ్డ పుట్టి, చాలనుకుంటే ఏమిటన్న ప్రశ్న లేదు. నిజానికి ఎక్కువమందికి ఎదురయ్యేది అదే.

మూడో గడి గురించి రెండు మాటలు. పరిశోధనకు ఇస్తామని మేము ముందుకొచ్చాం. ప్రస్తుతం ఏ నమోదైన సంస్థతోనూ తమకు ఒప్పందం లేదని, వచ్చినప్పుడు చెబుతామని అన్నారు. అలాంటప్పుడు ఆ గడిని కాగితం మీద ఉంచడం దంపతులను మభ్యపెట్టినట్టే అవుతుంది. నశింపజేయడం ఎలా చేస్తారని అడిగితే, స్ట్రాను బయటకు తీసి గది ఉష్ణోగ్రతలో వదిలేసి, తరువాత ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం పంపిస్తామని ల్యాబులోని కుర్రవాడు గడగడా చెప్పేశాడు. తప్పేమీ చెప్పలేదు. కానీ పక్కనే అత్తగారు ఉన్నారు. కోరుకున్న దంపతులు ఆ సమయంలో అక్కడ ఉండవచ్చా అన్న నా ప్రశ్నకు ఇప్పటివరకు అలా ఎవరూ అడగలేదన్నారు. అడగనివ్వని వాతావరణం కూడా అందుకు కారణం కావచ్చు.

భాష విషయంలో కూడా కొంచెం లోటుంది. సమ్మతి పత్రాలు ఇంగ్లీషులో ఉన్నాయి, కన్నడ ప్రతి అడిగితే ఇస్తారు, తెలుగు ప్రతి లేదు. కర్ణాటకలోని ఆసుపత్రిని తెలుగు ప్రతి ఇమ్మని దబాయించే హక్కు మనకు లేదు. అయితే అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి అంతమంది వచ్చే చోట, వెయిటింగ్ హాల్లో సగం మాటలు తెలుగులోనే వినబడే చోట, ఈ ఒక్క పేజీనైనా తెలుగులో అచ్చువేయడం పెద్ద ఖర్చు కాదు.

మొత్తం మీద నిల్వ సేవకు ఐదుకు నాలుగున్నర, కౌన్సెలర్‌కు ఐదుకు ఐదు, సమాచారం ఇచ్చే వేళకు, తీరుకు ఐదుకు రెండు ఇస్తాను. దగ్గరివాళ్లు అడిగితే ఇదే కేంద్రాన్ని ఇప్పటికీ చెబుతాను. చెబుతూనే, అండాలు తీసే తేదీ ఖాయం కాకముందే కౌన్సెలర్‌తో విడిగా సమయం అడిగి తీసుకోమని, ఎన్ని అండాలను ఫలదీకరించాలో రాతలో పెట్టించమని, పదేళ్ల గడువు ఏ తేదీతో ముగుస్తుందో రసీదు మీద రాయించుకోమని, ఏ కేంద్రానికి వెళ్లినా అది లెవెల్ 2 ఏఆర్‌టీ క్లినిక్‌గా, అంటే ఐవీఎఫ్ చేసే స్థాయి కేంద్రంగా నమోదైందో లేదో చూసుకోమని కూడా చెబుతాను.

మేము ఈసారికి మొదటి గడిలోనే సంతకం పెట్టాం. మా చెల్లెలు దాత అండం కోసం బ్యాంకులో పేరు నమోదు చేసుకుంది. ప్రతి కేంద్రమూ ఫిర్యాదుల విభాగం నడపాలని చట్టంలో ఉంది కనుక పైన రాసినవన్నీ ఒక లేఖగా అక్కడికి పంపాను. కొత్తగా వచ్చే దంపతుల ఫైలులో మిగిలిన పిండాల గురించి ఒక పేజీ చేర్చామని, మొదటి విడత కౌన్సెలింగ్‌లోనే దానిని చదివి వినిపిస్తున్నామని జవాబు వచ్చింది. పరిశోధన గడి పక్కన ‘ప్రస్తుతం అందుబాటులో లేదు’ అని ముద్రించారు. తెలుగు ప్రతి గురించి మాత్రం జవాబులో ప్రస్తావన లేదు.